అనంతం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్కలంటే ఆసక్తి ఉండి, డిగ్రీలో లెక్కలు తీసుకోని వాళ్ల కోసం రాసింది ఇది. పదో తరగతి లెక్కలు గుర్తుంటే చాలు. వరసగా చదవాలనేమీ లేదు. నచ్చని ప్రశ్న వదిలేసి ముందుకు వెళ్లొచ్చు. కానీ కాంటర్ వికర్ణ వాదన ఒక్కటి మాత్రం దాటేయకండి. తర్వాత వచ్చే తగాదాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

అనంతం అంటే బాగా పెద్ద సంఖ్య, అంతేనా?

అంతే కాదు. మనకు కనిపించగల విశ్వంలో పరమాణువులు సుమారుగా 1 పక్కన 80 సున్నాలు పెడితే వచ్చేన్ని ఉంటాయని అంచనా. గూగోల్ అనే సంఖ్యలో 1 పక్కన 100 సున్నాలుంటాయి. అంటే విశ్వంలోని పరమాణువులన్నీ లెక్కపెట్టినా గూగోల్ దరిదాపులకు రాము. అయినా గూగోల్‌కి ఒకటి కలిపితే దానికన్నా పెద్దది వచ్చేస్తుంది. ఈ వరసలో ఎక్కడా "ఇక ఇదే ఆఖరు" అనే మైలురాయి లేదు. ఎంత దూరం వెళ్లినా మన కాళ్ల కింద ఉండేది మామూలు సంఖ్యే.

∞ అనే గుర్తును 1655లో జాన్ వాలిస్ అనే ఇంగ్లిష్ గణితవేత్త వాడుకలోకి తెచ్చాడు. దానికో గుర్తు ఉంది కాబట్టి 7, 8 లాగే అదీ ఒక సంఖ్య అనుకుని కూడికలు, తీసివేతలు మొదలుపెట్టేస్తాం. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

1ని 0తో భాగిస్తే అనంతమే కదా? స్కూల్లో అలాగే చెప్పారు.

చాలా స్కూళ్లలో అలాగే చెబుతారు, పని తొందరగా అయిపోతుందని. 12ని 3తో భాగిస్తే 4 ఎందుకు? 4ని 3తో గుణిస్తే 12 వస్తుంది కాబట్టి. అలాగైతే 1ని 0తో భాగించగా వచ్చినదాన్ని 0తో గుణిస్తే 1 రావాలి. ఏ సంఖ్యకీ అది సాధ్యం కాదు. పోనీ కొంచెం కొంచెంగా దగ్గరికి వెళ్దాం. 1ని 0.1తో భాగిస్తే 10, 0.01తో భాగిస్తే 100, అలా పెరుగుతూ పోతుంది. అదే రుణ సంఖ్యల వైపు నుంచి వస్తే −10, −100 అంటూ అవతలి దిక్కుకి పరిగెడుతుంది. రెండు దారులూ ఒకచోట కలవవు కాబట్టి దీనికి విలువ ఇవ్వం.

మన పూర్వులు దీంతో చాలాకాలం కుస్తీ పట్టారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడిక, తీసివేత, గుణకారం నియమాలు చక్కగా రాసి, సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అనేశాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, సున్నాతో భాగిస్తే సంఖ్య మారకుండా అలాగే ఉంటుందన్నాడు. (11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేసిన గణితసార సంగ్రహం ఈ మహావీరాచార్యుడిదే.) 12వ శతాబ్దంలో రెండో భాస్కరుడు ఇలాంటి రాశిని ఖహరం అన్నాడు. ప్రళయంలో జీవులన్నీ లోపలికి పోయినా, సృష్టిలో బయటికి వచ్చినా విష్ణువులో మార్పు లేనట్టే, ఖహరానికి ఏం కలిపినా, ఏం తీసినా మారదన్నాడు. భాగహారంగా చూస్తే ఇది నిలబడదు. కానీ "కలిపినా తీసినా మారనిది" అన్న మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

కంప్యూటర్లకి కూడా ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1ని 0తో భాగించమంటే జావాస్క్రిప్ట్ "ఇన్ఫినిటీ" అంటుంది, పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. నా ఓటు పైథాన్‌కే.

0.999… నిజంగా 1కి సమానమా? కొంచెం తక్కువ కదా?

సమానమే. ఆ సంఖ్యను "క" అనుకోండి. 10క = 9.999… అవుతుంది. అందులోంచి క తీసేస్తే 9క = 9. అంటే క = 1. ఇంకోలా చూడాలంటే, రెండు సంఖ్యలు వేరువేరు అయితే వాటి మధ్య మూడోది ఒకటి ఉండాలి. 0.999…కీ 1కీ మధ్య ఏ సంఖ్య పడుతుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఈ నిరూపణ చూపించాక కూడా చాలామంది "ఏదో మోసం ఉంది" అంటారు. వాళ్ల అనుమానం తీసిపారేయాల్సింది కాదు. మనసులో ఎవరో కూర్చుని ఒక్కో 9 రాస్తూ పోతున్నట్టు ఊహించుకుంటాం. రాస్తున్నంతసేపూ అది 1 కన్నా తక్కువే, నిజమే. కానీ ఆ మూడు చుక్కల అర్థం "రాస్తూనే ఉన్నారు" అని కాదు, "అన్ని 9లూ ఇప్పటికే ఉన్నాయి" అని. జరుగుతూ ఉండే అనంతం వేరు, పూర్తయి కూర్చున్న అనంతం వేరు. ఈ తేడాని మొదట గట్టిగా పట్టుకున్నది అరిస్టాటిల్. మొదటిదాన్ని ఒప్పుకుని, రెండోదాన్ని ఒప్పుకోలేదు. దాదాపు రెండు వేల ఏళ్లు యూరప్‌లో ఆయన మాటే చెల్లింది.

జీనో చెప్పిన తాబేలు కథ తేలిపోయినట్టేనా?

లెక్క వరకు తేలిపోయింది. గమ్యం చేరాలంటే ముందు సగం దూరం, తర్వాత మిగిలినదాంట్లో సగం, మళ్లీ సగం వెళ్లాలి, అన్ని అడుగులు ఎవరూ పూర్తి చేయలేరు అని క్రీ.పూ. 5వ శతాబ్దంలో జీనో వాదన. కొంచెం ముందు బయల్దేరిన తాబేలును పరుగు వీరుడు అకిలీస్ ఎప్పటికీ అందుకోలేడన్నదీ ఇదే బాపతు. 1/2 + 1/4 + 1/8 + … మొత్తం 1 అని ఇవాళ ఇంటర్ పిల్లలు చెబుతారు. కేరళలో మాధవుడు 14వ శతాబ్దానికే ఇంకా కష్టమైన అనంత శ్రేణులతో π (పై) విలువ రాబట్టాడు. 1 − 1/3 + 1/5 − 1/7 + … అన్నది పైలో నాలుగో వంతు. అయితే అనంతమైన పనులు ఒకదాని తర్వాత ఒకటి "చేసి ముగించడం" అంటే ఏమిటని ఫిలాసఫీ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

సరి సంఖ్యలు, మొత్తం సంఖ్యలు సమానం అంటారు. సగమే కదా ఉండాలి?

సమానం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. పెళ్లిలో బంతి వేశారనుకోండి. ప్రతి విస్తరి ముందూ ఒకరు కూర్చున్నారు, ఖాళీ విస్తరి లేదు, నిలబడి ఉన్నవాళ్లూ లేరు. ఎంతమందో లెక్కపెట్టకుండానే విస్తళ్లూ మనుషులూ సరిసమానం అని వడ్డించేవాళ్లు చెప్పేస్తారు. జత కుదిరితే సమానం. ఇంటర్ తెలుగు మీడియం పుస్తకంలో ద్విగుణ ప్రమేయం అని కంఠతా పట్టించేది దీన్నే.

ఇప్పుడు 1 ముందు 2ని, 2 ముందు 4ని, 3 ముందు 6ని కూర్చోబెట్టండి. ఎవరూ మిగలరు. అంటే సరి సంఖ్యలు ఎన్నో మొత్తం సంఖ్యలూ అన్నే. వర్గ సంఖ్యలతో (1, 4, 9, 16…) ఇదే సంగతి 1638లో గెలీలియో అచ్చు వేయించిన పుస్తకంలో ఉంది. ఆయన దీన్ని చూసి, అనంతం దగ్గర ఎక్కువ, తక్కువ, సమానం అనే మాటలే చెల్లవని చేతులెత్తేశాడు. గెలీలియో ఆగిన చోటే రెండు శతాబ్దాల తర్వాత జర్మన్లు మొదలుపెట్టారు. తనలోని ఒక భాగంతోనే జత కుదరగలిగిన సమితే అనంత సమితి అని 1888లో డెడెకిండ్ ఏకంగా నిర్వచనం ఇచ్చేశాడు. వింతగా అనిపించిన లక్షణమే గుర్తింపు చిహ్నం అయింది.

హిల్బర్ట్ హోటల్ అంటే?

1924–25 ఉపన్యాసాల్లో డేవిడ్ హిల్బర్ట్ చెప్పిన ఉదాహరణ. అనంతమైన గదులున్న హోటల్ నిండిపోయింది. కొత్తగా ఒకరు వచ్చారు. 1వ గదివాళ్లని 2కి, 2వ గదివాళ్లని 3కి, అలా అందరినీ ఒక గది జరిపితే 1వ గది ఖాళీ. అనంతంగా జనం వచ్చినా ఇబ్బంది లేదు, ప్రతివాళ్లనీ తమ గది నంబరుకి రెట్టింపు నంబరుకి పంపితే బేసి గదులన్నీ ఖాళీ అవుతాయి. కలిపినా మారనిదంటే ఇదీ. భాస్కరుడు చెప్పినదాంట్లో సగం మాత్రమే కుదిరిందని గమనించండి. కలిపితే మారదు, తీసివేత మాత్రం కుదరదు. అనంతంలోంచి అనంతం తీస్తే ఏదైనా మిగలొచ్చు. సరి సంఖ్యలు తీసేస్తే బేసివి మిగులుతాయి, 5 నుంచి పైవన్నీ తీసేస్తే నాలుగే మిగులుతాయి.

భిన్నాలు ఇంకా ఎక్కువ ఉండాలి కదా? 0కీ 1కీ మధ్యే లెక్కలేనన్ని ఉన్నాయి.

చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ కాదు. లవం, హారం కలిపితే ఎంత వస్తుందో దాన్నిబట్టి వరస కట్టండి. మొత్తం 2 వచ్చేది 1/1. మొత్తం 3 వచ్చేవి 1/2, 2/1. మొత్తం 4 వచ్చేవి 1/3, 3/1 (2/2 అంటే 1 ముందే వచ్చింది కాబట్టి వదిలేస్తాం). ఒక్కో మొత్తానికి కొన్ని భిన్నాలే ఉంటాయి కనుక ప్రతి భిన్నానికీ ఎప్పుడో ఒకప్పుడు వంతు వస్తుంది. వరసలో నంబరు వచ్చిందంటే సహజ సంఖ్యలతో జత కుదిరినట్టే.

అలాగైతే అనంతాలన్నీ ఒకటేనా? చిన్నది, పెద్దది ఎక్కడినుంచి వచ్చాయి?

అసలు కథ ఇక్కడే. హాలె నగరంలో పాఠాలు చెప్పే గేయార్గ్ కాంటర్ 1874లో వాస్తవ సంఖ్యలను (దశాంశాలన్నిటినీ) ఇలా వరసగా నిలబెట్టడం కుదరదని నిరూపించాడు. 1891లో దానికే ఇంకా తేలికైన దారి చూపించాడు. మొదట్లో దాటేయొద్దన్న వికర్ణ వాదన ఇదే. కాగితం, పెన్ను తీసుకోండి.

0కీ 1కీ మధ్య ఉన్న దశాంశాలన్నిటికీ లిస్టు రాశామని ఎవరో ఢంకా బజాయించి చెప్పారనుకోండి. లిస్టు మొదట్లో ఇలా ఉంది:

1వది: 0.14159…
2వది: 0.33333…
3వది: 0.71828…
4వది: 0.50000…
5వది: 0.41421…

మొదటి సంఖ్యలో మొదటి అంకె 1. రెండోదాంట్లో రెండో అంకె 3. మూడోదాంట్లో మూడోది 8. నాలుగోదాంట్లో నాలుగోది 0. ఐదోదాంట్లో ఐదోది 1. ఐమూలగా దిగితే 1, 3, 8, 0, 1. ఇప్పుడు ప్రతి అంకెనూ మార్చేద్దాం. 0 నుంచి 7 వరకు అయితే ఒకటి కలుపుదాం, 8 గానీ 9 గానీ అయితే 1 పెడదాం. 0.24112… అనే కొత్త సంఖ్య వస్తుంది.

ఇది లిస్టులో ఎక్కడుంది? మొదటిది కాదు, మొదటి అంకె తేడా. రెండోది కాదు, రెండో అంకె తేడా. పది లక్షలో స్థానంలో ఉందంటారా, పది లక్షలో అంకె తేడా వచ్చేలాగే దాన్ని తయారుచేశాం. అంటే ఎక్కడా లేదు. అన్నీ రాశామన్న మాట అబద్ధం. (కొత్త సంఖ్యలో 0, 9 రాకుండా ఎందుకు చూశామంటే, 0.4999…, 0.5 ఒకటే అవుతాయి కాబట్టి ఆ మూల నుంచి ఎవరూ తప్పించుకోకుండా.)

గమనించాల్సిందేమిటంటే, మనం ఫలానా లిస్టును తప్పు పట్టలేదు. ఎవరు ఏ లిస్టు తెచ్చినా ఇదే జరుగుతుంది. దశాంశాల అనంతం సహజ సంఖ్యల అనంతం కన్నా పెద్దది.

ఆ దొరకని సంఖ్యను లిస్టులో పైన చేర్చేస్తే పోలా?

చేర్చండి. ఇప్పుడది కొత్త లిస్టు. దానిమీద మళ్లీ ఐమూలగా దిగితే మళ్లీ కొత్త సంఖ్య బయటపడుతుంది.

ఇదే మంత్రం సహజ సంఖ్యల మీద వేస్తే అవి కూడా లిస్టుకి అందవని వస్తుందిగా?

మంచి ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. సహజ సంఖ్యల లిస్టులో ఐమూలగా దిగితే అంతులేని అంకెలున్న "సంఖ్య" వస్తుంది. ప్రతి సహజ సంఖ్యకీ అంకెలు ఎక్కడో ఆగిపోతాయి, కాబట్టి వచ్చింది సహజ సంఖ్యే కాదు. లిస్టులో లేకపోతే తప్పేముంది? భిన్నాల దగ్గరా ఇంతే, బయటపడేది భిన్నంగా రాయలేని సంఖ్య. వాదన పని చేయాలంటే, బయటికి వచ్చింది కూడా అదే కులానికి చెందినదై ఉండాలి.

గీతలో బిందువులకన్నా చదరంలో బిందువులు ఎక్కువ కదా?

సమానమే. చదరంలో ఒక బిందువుకి రెండు దశాంశాలుంటాయి. వాటి అంకెలను ఒకటి విడిచి ఒకటి కలిపి అల్లితే ఒకే దశాంశం అవుతుంది. చిన్న చిన్న మెలికలు సర్దుకోవాలి గానీ దారి ఇదే. 1877లో ఇది కనిపెట్టి డెడెకిండ్‌కి ఉత్తరం రాస్తూ కాంటర్, కళ్లకు కనబడుతోంది కానీ నమ్మలేకపోతున్నానన్నాడు, అదీ జర్మన్ ఉత్తరం మధ్యలో ఫ్రెంచిలో.

ఇందులో ఫిలాసఫీ ఎక్కడుంది? ఇదంతా లెక్కే కదా.

ఒక చిన్న పర్యవసానం చూడండి. తెలుగులో రాయగల వాక్యాలన్నీ ఊహించుకోండి. రాసినవి, రాయబోయేవి, అర్థం లేనివి, అన్నీ. అక్షరాలు, గుర్తులు పరిమితం, ప్రతి వాక్యం ఎక్కడో ముగుస్తుంది. ముందు ఒక్క గుర్తుతో అయ్యేవి, తర్వాత రెండింటితో, మూడింటితో, అలా వరసగా నిలబెట్టొచ్చు. కాబట్టి తెలుగు వాక్యాలు సహజ సంఖ్యలన్నే. ఏ వాక్యం ఏ సంఖ్యకి పేరో ముందుగా నిర్ణయించుకుంటే, పేరు దక్కే దశాంశాలూ అన్నే. మిగిలినవాటికి, అంటే దాదాపు అన్నిటికీ, పేరు ఉండదు. ప్రపంచంలోని భాషలన్నీ కలిపినా అంతే. కంప్యూటర్ ప్రోగ్రాముతో అంకె అంకె రాబట్టగల సంఖ్యలు కూడా ఈ చిన్న అనంతంలోనివే, ఆ సంగతి 1936లో ఆలన్ ట్యూరింగ్ చెప్పాడు.

మరి ఎవరూ పేరు పెట్టలేని, రాయలేని, చూపించలేని సంఖ్యలు "ఉన్నాయి" అనడానికి అర్థం ఏమిటి? దీనికి లెక్కలో జవాబు లేదు. అవి మనతో నిమిత్తం లేకుండా ఉన్నాయనేవాళ్లు ప్లేటో పక్షం. కట్టి చూపించగలిగితేనే ఉన్నట్టు అనేది డచ్ గణితవేత్త బ్రౌవర్ పక్షం. నియమాలు పెట్టుకుని ఆడుతున్నాం, నియమాల్లో వైరుధ్యం రాకపోతే చాలు, "ఉండటం" అంటూ వేరే ఏమీ లేదనేది మూడో పక్షం. క్లాసులో మొదటి పక్షంలా మాట్లాడి, ఎవరైనా నిలదీస్తే మూడో పక్షంలోకి దూరిపోయే గణితవేత్తలే ఎక్కువ.

కాంటర్‌కి అనంతం గురించి ఆలోచించే పిచ్చి పట్టిందా?

ఈ కథ బాగా అమ్ముడుపోతుంది. నమ్మాల్సిన పని లేదు. 1884 నుంచి ఆయనకు తీవ్రమైన కుంగుబాటు వచ్చి పోతూ ఉండేది. బెర్లిన్‌లో పలుకుబడి ఉన్న క్రోనెకర్ ఆయన పనిని గట్టిగా వ్యతిరేకించాడు, అది బాధపెట్టిన మాట నిజమే. కానీ ఇవాళ మనం బైపోలార్ అనే జబ్బు లక్షణాలే అవి అని చరిత్రకారులు ఎక్కువమంది అనుకుంటున్నారు. కుంగుబాటు వచ్చాకే ఆయన జర్మన్ గణితవేత్తల సంఘాన్ని నిలబెట్టి తొలి అధ్యక్షుడయ్యాడు, దాని మొదటి సమావేశంలోనే వికర్ణ వాదన చదివాడు. 1899లో చిన్న కొడుకు పోయాడు. 1918 జనవరిలో, యుద్ధకాలపు లేమిలో, హాలెలోని ఆస్పత్రిలోనే కన్నుమూశాడు.

ఇదంతా "పూర్ణమదః పూర్ణమిదం"లో ముందే ఉంది కదా?

పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే మిగులుతుందన్న శాంతి మంత్రం చాలామందికి నోటికొచ్చు. ఈశావాస్యంతో చదువుతాం, బృహదారణ్యకంలోనూ ఉంది. గొప్ప ఊహ. కానీ అది బ్రహ్మం గురించి చెబుతోంది. జత కుదర్చడం, కుదరదని నిరూపించడం అందులో లేవు. పైగా తీసివేత అన్నిసార్లూ అలా రాదని హోటల్ దగ్గర చూశాం. రెంటినీ కలిపేస్తే రెంటికీ అన్యాయమే.

నిజంగా చెప్పుకోవాల్సింది జైనుల సంగతి. వాళ్లు సంఖ్యలను సంఖ్యేయం, అసంఖ్యేయం, అనంతం అని విడదీసి, మళ్లీ ఒక్కోదాంట్లో రకాలు చేశారు. అనంతాల్లో రకాలుంటాయన్న ఆలోచన అంత పాతకాలంలో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా నాకు కనబడలేదు. నిరూపణ లేదు, కానీ ప్రశ్న సరైనది.

1+2+3+4+… = −1/12 అని రామానుజన్ అన్నాడట. నిజమేనా?

1913 ఫిబ్రవరిలో హార్డీకి రాసిన ఉత్తరంలో ఉంది, "నా సిద్ధాంతం ప్రకారం" అని చెప్పి మరీ రాశాడు. మామూలు కూడిక అర్థంలో ఆ మొత్తం ఏ సంఖ్యకీ చేరదు. రామానుజన్ వాడింది కూడికకు ఇంకో పద్ధతి. అదే విలువ జీటా ప్రమేయాన్ని (అనంత శ్రేణితో నిర్వచించే ఒక సూత్రాన్ని) విస్తరిస్తే కూడా వస్తుంది, భౌతికశాస్త్రంలో పనికొస్తుంది కూడా. "అన్నీ కలుపుకుంటూ పోతే చివరికి −1/12 వస్తుంది" అని చెప్పే వీడియోలు మాత్రం నమ్మకండి. ఇది కాంటర్ అనంతాలకు సంబంధించిన సంగతే కాదు.

కంటిన్యూమ్ పరికల్పన అంటే ఏమిటి?

చిన్న అనంతం సహజ సంఖ్యలది. పెద్దది దశాంశాలది. వీటి మధ్య సైజులో ఇంకోటి ఉందా? లేదని 1878లో కాంటర్ ఊహించాడు, నిరూపించలేకపోయాడు. 1900లో పారిస్‌లో హిల్బర్ట్ కొత్త శతాబ్దానికి పెట్టిన 23 సమస్యల జాబితాలో మొదటిది ఇదే.

ఈలోపు ఇంకో చిక్కు వచ్చిపడింది. మనసుకి తోచిన ప్రతి గుంపునీ సమితి అనుకుంటూ పోతే కొంప మునుగుతుందని 1901లో బెర్ట్రండ్ రసెల్ గమనించాడు. తమలో తాము సభ్యులు కాని సమితులన్నిటినీ ఒక సమితిగా తీసుకోండి. అది తనలో తాను సభ్యురాలా? అవునంటే కాదని, కాదంటే అవునని తేలుతుంది. గణితం మొత్తాన్ని తర్కం మీద కట్టాలని గాట్లోబ్ ఫ్రేగె ఏళ్లతరబడి శ్రమపడి రాసిన గ్రంథం రెండో భాగం ప్రెస్సులో ఉండగా, 1902లో రసెల్ ఉత్తరం అందింది. ఫ్రేగె నిజాయితీగా ఆ ఉత్తరం సంగతి చివర అనుబంధంగా చేర్చాడు. ఆ దెబ్బతో, ఏది సమితి అవుతుందో ఏది కాదో చెప్పే నియమాలు కావాల్సివచ్చాయి. 1908లో జెర్మెలో మొదలుపెట్టి, తర్వాత ఫ్రాంకెల్ తదితరులు సరిచేసిన స్వీకృతాల జాబితా మీదే ఇవాళ్టి గణితం దాదాపు మొత్తం నిలబడింది. అనంత సమితి ఒకటి ఉందన్నది కూడా ఆ జాబితాలో ఒక స్వీకృతమే. నిరూపించింది కాదు, ఒప్పుకున్నది.

ఇక ఫలితం. ఆ స్వీకృతాలతో కాంటర్ ఊహను తప్పని నిరూపించలేమని కుర్ట్ గోడెల్ చూపించాడు, 1940లో పుస్తకంగా వచ్చింది. ఒప్పని కూడా నిరూపించలేమని 1963లో పాల్ కోహెన్ చూపించాడు, దానికి 1966లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. స్వీకృతాల్లో వైరుధ్యం లేదనుకుంటే, అవునన్నా కాదన్నా ఇబ్బంది లేదు.

మరి అసలు జవాబు ఏది?

అసలు జవాబంటూ ఉందా అన్నదే తగువు. గోడెల్ మాత్రం ఉందనేవాడు. మన స్వీకృతాలు చాలకపోతే తప్పు మనది, ఇంకా లోతైన స్వీకృతాలు వెతకాలి అని 1947లో వ్యాసం రాశాడు. ఆ వెతుకులాట ఇప్పటికీ సాగుతోంది. అమెరికన్ గణితవేత్త హ్యూ వుడిన్ ఒక దశలో కాంటర్ ఊహ తప్పనే వైపు మొగ్గి, తర్వాత ఒప్పనే వైపుకి వచ్చాడు. జోయల్ హామ్‌కిన్స్ లాంటివాళ్లది ఇంకో దారి. సమితుల ప్రపంచం ఒకటి కాదు, చాలా ఉన్నాయి, కొన్నిట్లో ఊహ నిజం, కొన్నిట్లో అబద్ధం, అంతకుమించి అడగడానికి ఏమీ లేదంటారు.

రెండో వర్గం వాళ్లు రేఖాగణితాన్ని సాక్ష్యం తెస్తారు. ఒక గీతకి బయట బిందువు గుండా ఒకే సమాంతర రేఖ అన్న యూక్లిడ్ స్వీకృతాన్ని మిగిలినవాటి నుంచి నిరూపించాలని రెండు వేల ఏళ్లు తంటాలు పడ్డారు. చివరికి 19వ శతాబ్దంలో అది నిజమైన జ్యామితీ ఉంది, కానిదీ ఉంది అని తేలింది. "ఏది అసలు జ్యామితి?" అని ఇప్పుడు ఎవరూ అడగరు.

ఈ పోలిక నన్ను పూర్తిగా ఒప్పించదు. జ్యామితుల్లో ఏది మన చుట్టూ ఉన్న స్థలానికి సరిపోతుందో కొలిచి చూడొచ్చు. సమితులకి అలా బయట నుంచి కొలిచే ఆధారం లేదు. అలాగని గోడెల్ ధీమా కూడా నాకు లేదు. ఒక ప్రశ్నకి జవాబు ఉందా లేదా అన్నదే తేలకుండా ఇంత కచ్చితంగా అడగగలగడం మాత్రం ఇంకే శాస్త్రంలోనూ కుదరదనిపిస్తుంది.

గోడెల్ సిద్ధాంతం ప్రకారం సైన్సు అసంపూర్ణం అని వాట్సాప్‌లో వచ్చింది.

1931లో గోడెల్ చెప్పింది ఇది: సహజ సంఖ్యల కూడికలు, గుణకారాలు పట్టేంత శక్తి ఉండి, వైరుధ్యం లేకుండా, నియమాలను యంత్రంలా సరిచూడగలిగేలా ఉన్న ఏ స్వీకృతాల జాబితా తీసుకున్నా, దానితో నిరూపించలేని, కాదనలేని వాక్యం ఉంటుంది. సైన్సు గురించి, దేవుడి గురించి, మనిషి మనసు గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. వాటికి అంటగట్టాలంటే మధ్యలో ఇంకా బోలెడు వాదన కావాలి. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ భాగం రాయరు.

బయట ప్రపంచంలో అనంతం ఉందా?

కనిపించగల విశ్వం మన నుంచి ప్రతి దిక్కుకీ సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వరకు ఉంది. అది పరిమితమే. దాని అవతల విశ్వం పరిమితమో కాదో ఇంకా తేలలేదు. అనంతం ప్రకృతిలో ఎక్కడా దొరకదు, ఆలోచనకి సాయపడే ఊహగానే దాని స్థానం అని హిల్బర్ట్ 1925లో ఉపన్యసించాడు. కాంటర్ మన కోసం సృష్టించిన స్వర్గం నుంచి మనల్ని ఎవరూ వెళ్లగొట్టలేరని అన్నది కూడా ఆ ఉపన్యాసంలోనే.

సరే, దీనివల్ల ఉపయోగం ఏమిటి?

మామూలు సంఖ్యల గురించిన ప్రశ్న ఒకటి చెబుతాను. 3ని 2 ఘాతాల్లో రాయండి: 2 + 1. 2 ఉన్నచోట 3 పెట్టండి, 3 + 1 = 4. ఒకటి తీసేయండి, 3. దీన్ని ఇప్పుడు 3 ఘాతాల్లో రాసి, 3 ఉన్నచోట 4 పెట్టి, ఒకటి తీసేయండి. మళ్లీ 3. అలా ప్రతిసారీ ఆధారాన్ని ఒకటి పెంచుతూ, ఫలితంలోంచి ఒకటి తీస్తూ పోతే 3, 3, 3, 2, 1, 0. ముగిసింది.

4తో మొదలుపెట్టండి. 2², 2 ఉన్నచోటల్లా (ఘాతంలో కూడా) 3 పెడితే 3³ = 27, ఒకటి తీస్తే 26. అది 2×3² + 2×3 + 2. ఇక్కడ 3 అనే ఆధారం బదులు 4 పెట్టి ఒకటి తీస్తే 41. తర్వాత 60, 83, 109. పెరుగుతూనే పోతుంది. ఇది కూడా చివరికి సున్నాకే వస్తుంది, కానీ దానికి పట్టే మెట్ల సంఖ్య రాయాలంటేనే 12 కోట్లకు పైగా అంకెలు కావాలి. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా సున్నాకే చేరుతుందని 1944లో రూబెన్ గుడ్‌స్టైన్ నిరూపించాడు. ఆయన వాడిన పనిముట్టు కాంటర్ కనిపెట్టిన అనంత క్రమసంఖ్యలు, అంటే వరసలో స్థానం చెప్పే 1వ, 2వ, 3వ లాంటివాటిని అనంతం దాటి కూడా పొడిగించినవి. ఆధారం బదులు ఒక అనంత క్రమసంఖ్యను పెడితే, బయటికి పెరుగుతున్నట్టు కనబడే వరస లోపల ప్రతి మెట్టుకీ తగ్గుతూ ఉంటుంది. క్రమసంఖ్యలు ఎప్పటికీ తగ్గుతూ పోలేవు, కాబట్టి ఎక్కడో ఆగాలి.

అనంతం జోలికి పోకుండా, సహజ సంఖ్యలకు మామూలుగా వాడే, ఇటలీ గణితవేత్త పియానో పేరుతో ఉన్న స్వీకృతాలతోనే దీన్ని నిరూపించొచ్చా? కుదరదని 1982లో లారీ కిర్బీ, జెఫ్ పారిస్ నిరూపించారు.